రెండు తలల వైరు

చేత్తో మోసుకెళ్ళగలిగే జనరేటరు ఒకటుంటుందనీ, దాన్ని మాలాంటి వాళ్ళ ఇళ్ళలో కూడా పెట్టుకోవచ్చనీ నాకు మొట్టమొదట చెప్పినది మా వదినగారు. మా వారికి అక్కగారు ఆవిడ. కాకినాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మేము ఇంటికి వచ్చేసరికి వాకిట్లో అద్దె కారు ఆగి ఉంది. చిన్న బీరువా అంత ఉన్న తెల్లటి పెట్టెని అందులోంచి దింపిస్తూ ఆవిడ, "అమ్మకి ఇకమీదట ఊపిరి ఇదేనమ్మాయ్," అన్నారు. వెంటనే వసారాలో వేలాడుతున్న బల్బు వంక చూశారు. "దీనికి ఊపిరి కరెంటు. అది పోతే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. చిన్న జనరేటర్లు వస్తున్నాయి, ఒకటి కొనుక్కోండి."

అమ్మ అంటే మా అత్తయ్యగారు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ధాన్యం ఉడకబెట్టే పొయ్యిల దగ్గర కూలికి వెళ్ళేవారు. ఊక పొగలో పాతికేళ్ళు నిలబడి కూతుర్ని నర్సునూ కొడుకుని మాస్టారునూ చేశారు. ఆ పొగ ఆవిడ లోపలే ఉండిపోయింది. అమలాపురం డాక్టరు గారు ఊపిరితిత్తుల ఫోటో తీయించి, ఇక స్నానానికీ భోజనానికీ తప్ప ముక్కులోంచి గొట్టం తీయవద్దన్నారు. ఆ పెట్టె గాలిలోంచి ఆక్సిజను వడగట్టి ఇస్తుందట. "బుస్సు... బుస్సు" మని చప్పుడు చేస్తూ గది మూల కూర్చునేది. కరెంటు పోయిందంటే చాలు, చెవులు చిల్లులు పడేలా కూసేది. మంచం పక్కన పెట్టిన సిలిండరు మరలు తిప్పి గొట్టం మార్చేదాకా ఆవిడ నా మొహంలోకే చూస్తూ ఉండేవారు. ఆ సిలిండరు ఒక పూట వస్తుంది. మళ్ళీ నింపించాలంటే రాజమండ్రి వెళ్ళాలి. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు అరుగు మీద బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పారు. అధ్యాయాల పక్కన, వచనాల పక్కన ఉండే అంకెలే నా లెక్కల పుస్తకం. ఆ చదువు ఇన్నాళ్ళూ నాకు చాలింది, దేవునికి స్తోత్రం. జనరేటరు కొనటానికి అమలాపురం బయలుదేరిన రోజు మాత్రం అది ఏ మూలకూ చాలదనిపించింది. ఎందుకైనా మంచిదని ఆక్సిజను మిషను వెనక రేకు మీద ఉన్న అంకెలన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకుని జాకెట్టులో పెట్టుకున్నాను.

కొట్టాయన మొదటి ప్రశ్నే అది. "ఎన్ని వాట్లండీ మీ సామాను?"

మా వారు తెలుగు మాస్టారు. ఆయన నా వంక చూశారు. నేను కాగితం తీశాను. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మగారు ఇంజినీరింగు చదివేరాండీ?" అన్నాడు.

"ఇంట్లో చదువుకుందండి," అన్నారు మా వారు.

"ఆయ్. ఇక్కడ నాలుగొందలని ఉంది కదండీ, నాలుగొందలది కొంటే మాత్రం మీరు నన్ను తిట్టుకుంటారు. లోపల మోటారుంది. మొదలెట్టేటప్పుడు రెండింతలు, మూడింతలు లాగుద్ది. ఇదిగో, ఈ పెద్దది తీసుకోండి."

చప్పుడు తక్కువ చేసేది ఒకటి చూపించాడు, అది పెట్రోలుతో నడుస్తుంది. చప్పుడు ఎక్కువ చేసేది ఇంకొకటి. దానికి కాస్త పెట్రోలు పోసి మొదలుపెట్టి, వేడెక్కాక చిన్న మర తిప్పి కిరసనాయిలుకి మార్చాలి. పెట్రోలు కావాలంటే మేము రాజోలు దాకా పోవాలి. కిరసనాయిలైతే ఇంట్లోనే డబ్బా ఉంటుంది. వాన పడి దారులు మూసుకుపోతే ఇంట్లో ఉన్నదే ఆదుకుంటుందని రెండోదే తీసుకున్నాం. ఇప్పుడు ఆలోచించినా ఆ ఎంపికలో తప్పు లేదు. తాడు నన్నూ ఒకసారి లాగి చూడమన్నాడు. మూడుసార్లు లాగాను, అది మూడుసార్లూ దగ్గి ఊరుకుంది.

"అలా బతిమాలుకుంటే రాదండీ. పాలు తాగే దూడని లాగుతామే, అలా లాగాలి. ఒక్కటే గుంజు!"

నాలుగోసారికి అంటుకుంది. కొట్టంతా పొగ కమ్మింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగకి కాదు. దీన్ని నా చేతులతో నడిపించగలిగితే అత్తయ్యగారు నా మొహంలోకి అలా చూడవలసిన పని ఉండదు కదా అని.

దాన్ని ఇంటికి తెచ్చాక తెలిసింది అసలు కష్టం. వెనక వసారాలో పెట్టి నడిపితే పొగంతా కిటికీలోంచి అత్తయ్యగారి మంచం మీదికే వచ్చింది. ఆవిడకు ప్రాణం పోయటానికి తెచ్చినది ఆవిడకు పడని పొగనే కక్కుతోంది. దొడ్లో కొబ్బరిచెట్ల మధ్యకి జరిపి, పైన రేకు కప్పి, చుట్టూ ఇటుకలు పేర్చాం. ఆ దూరం నుంచి ఇంట్లోకి కరెంటు తేవాలి కదా. అందుకు పెళ్ళిళ్ళకీ పండగలకీ మైకులు, లైట్లు అద్దెకిచ్చే ఆయన్ని పిలిచాం. మా గుడి క్రిస్మస్ నక్షత్రం ప్రతి ఏడూ ఆయన చేతి మీదుగానే వెలిగేది. మంచివాడు. పిలిచిన రోజునే వచ్చాడు, భోజనం చేయమన్నా చేయలేదు.

ఒక పొడుగాటి వైరు తెచ్చి దానికి రెండు చివర్లా ప్లగ్గులు బిగించాడు. ఒక చివర జనరేటరులో పెట్టాలి. రెండో చివర బావి దగ్గర మోటారుకని పెట్టిన సాకెట్టులో. అప్పుడు కరెంటు గోడలోంచి వెనక్కి నడిచి ఇంట్లో అన్ని గదులకీ వెళుతుందట.

"అన్ని గదులూ ఎందుకండీ? అత్తయ్యగారి మిషను ఒక్కదానికీ వైరు లాగితే చాలదా?" అన్నాను.

"అదేంటమ్మగారూ! ఇంత మిషను కొని చీకట్లో కూర్చుంటారా? మాస్టారికి ఫ్యాను వద్దా?"

మా వారు నవ్వారు. "ఒక బల్బూ ఒక ఫ్యానూ ఉంటే అమ్మకీ బాగుంటుందిలే," అన్నారు. తెలియని విషయంలో ఎంత దూరం మాట్లాడను? ఇటు వీధి కరెంటూ అటు జనరేటరూ ఎప్పుడూ కలవకుండా మార్చే పెద్ద మీట ఒకటి ఉంటుందనీ, రాజమండ్రి వెళ్ళినప్పుడు తెచ్చి బిగిస్తాననీ ఆయనే చెప్పాడు. అందాకా ఒక వరస చెప్పి, దాన్ని నా చేత నాలుగుసార్లు అనిపించాడు.

"ముందు వసారాలో మెయిను స్విచ్చి దించాలి. తర్వాత బావి దగ్గర ప్లగ్గు పెట్టాలి. ఆ తర్వాతే తాడు లాగాలి. తీసేటప్పుడు తల్లకిందులు. ఈ వరస తప్పకూడదు."

"తప్పితే ఏమవుతుందండీ?"

"కరెంటొచ్చినప్పుడు జనరేటరు కాలిపోద్దండీ."

అంతే చెప్పాడు. ఆయన్ని నేను తప్పుపట్టటం లేదు, ఆయనకీ అంతే తెలుసు. జనరేటరు కాలిపోవటమే అన్నిటికంటే పెద్ద ప్రమాదమని నేను నమ్మాను. ఆ వరసని వచనంలా కంఠస్థం చేశాను. ఆ వేసవి అంతా పనిచేసింది, మీట సంగతి వెనకపడింది. మిషను కూయగానే మా వారు మెయిను దించేవారు. నేను ప్లగ్గు పెట్టి దొడ్లోకి పరిగెత్తేదాన్ని. అత్తయ్యగారు నన్ను చూసి, "మా కోడలు పెళ్ళయి వచ్చినప్పుడు దీపం ముట్టించటానికే భయపడేది. ఇప్పుడు ఇంజను డ్రైవరైపోయింది!" అని వచ్చినవాళ్ళతో చెప్పుకునేవారు. ఆవిడకి నవ్వితే ఆయాసం వచ్చేది. అయినా నవ్వేవారు.

ఒక చిక్కు మిగిలింది. మెయిను దించి ఉంటే వీధిలో కరెంటు వచ్చిన సంగతి ఇంట్లో తెలియదు. అందుకని ఎదురింటి పిన్నిగారి వసారా బల్బు చూసేవాళ్ళం. వాళ్ళింట్లో వెలిగితే వచ్చినట్టు. మా సందు చివర ఉన్నవి మూడే ఇళ్ళు. రోడ్డు మీది నుంచి ఒకటే తీగ మా మూడిళ్ళకీ వచ్చి ఆగిపోయేది.

క్రిస్మస్ ఇంకా నెలన్నర ఉందనగా పెద్ద గాలివాన వచ్చింది. కోనసీమ వాళ్ళు చెప్పుకునే తొంభై ఆరు తుఫానంతటిది కాదు, అయినా మా ఊళ్ళకి అది చాలింది. తెల్లారి చూస్తే సందు మొగన కొబ్బరిచెట్టు తీగల మీద పడి ఉంది. ఊరంతా అలాగే ఉంది. రోడ్లు మూసుకుపోయాయి. మొదటి పూటకే సిలిండరు అయిపోయింది. ఇక ఆ జనరేటరే ఆధారం. ఒక రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. మా కిరసనాయిలు అడుగంటింది. పిన్నిగారు తమ డబ్బా తెచ్చి, "మాకు దీపానికి ఒక గ్లాసుంటే చాలమ్మా," అని మొత్తం ఇచ్చేశారు. ఆవిడకి ఈ జన్మంతా ఋణపడి ఉన్నాను. మూడో రోజు పొద్దున్న ఇక ఒక్క పూటకే ఉందని తేలింది. మా వారు సైకిలు భుజాన వేసుకుని, పడిన చెట్లు దాటుకుంటూ లైన్‌మేన్‌ గారిని వెతుక్కుంటూ వెళ్ళారు.

లైన్‌మేన్‌ గారికి నలభై ఏళ్ళుంటాయి. ఆయన చేతిలో పదకొండు ఊళ్ళు. ఆ మూడు రోజుల్లో ఆయన నిద్రపోయినట్టు లేరు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మా వారు ఆయనతో ఏం చెప్పారో నాకు తెలియదు. పెద్ద రోడ్డు మీది పని ఆపి మా సందుకి వచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకేసి వచ్చారట. వసారాలోకి వచ్చి మా మెయిను దించి ఉందో లేదో తలెత్తి చూసుకున్నారు. నేను గదిలో అత్తయ్యగారికి గొట్టం సరిచేస్తున్నాను. ఆయన మా వారితో అంటున్న మాట వినపడింది.

"పెద్దావిడ ఆయాసం వాకిట్లోకి ఇనబడతా ఉందండి మాస్టారూ. ఒక గంట. గంటలో ఇచ్చేత్తాను."

"మీ మేలు మర్చిపోలేమండీ," అన్నారు మా వారు.

"మేలేటండీ, నా ఉద్యోగం. రండి, మీరో చెయ్యి వేద్దురు, తీగ లాగాలి."

ఇద్దరూ సందు మొగకి వెళ్ళారు. మా ఇంటి నుంచి ఆ స్తంభం కనపడదు, మధ్యలో అరటి తోట అడ్డం.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం మా ఆడవాళ్ళం ఉపవాస ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. గుడి రేకులు లేచిపోయాయని, అత్తయ్యగారిని కూడా చూసినట్టుంటుందని, అందరూ మా ఇంటికే వచ్చారు. తొమ్మిదిమందిమి. అత్తయ్యగారి మంచం చుట్టూ చాప వేసుకుని కూర్చున్నాం. ఆ పూట మేము అడిగినది ఒక్కటే. కరెంటు. పిల్లల చదువుల గురించీ, జబ్బుల గురించీ ఏమీ అడగలేదు. ఒక ముసలావిడ ఊపిరి కోసం కరెంటు ఇవ్వమని తొమ్మిదిమందిమి మోకాళ్ళ మీద అడిగాం. అంత ఏకమనసుతో నేను మళ్ళీ ఎప్పుడూ ప్రార్థన చేసి ఉండను.

ఆమేన్ అనే వేళకి దొడ్లో జనరేటరు దగ్గి ఆగిపోయింది. కిరసనాయిలు అయిపోయింది. మిషను కూత మొదలెట్టింది. అత్తయ్యగారి చెయ్యి నా చెంగు పట్టుకుంది. అడుగున మిగిలినది పోయటానికి నేను లేస్తుంటే ఒకావిడ అన్నారు:

"అడిగేం కదమ్మా. వచ్చిందేమో ఒక్కసారి చూడకూడదూ?"

ఆవిడ విశ్వాసంతోనే అన్నారు. నేనూ విశ్వాసంతోనే వెళ్ళాను. వరస కూడా తప్పలేదు. బావి దగ్గర ప్లగ్గు పీకాను. ఆ తర్వాతే వసారాలోకి వచ్చి మెయిను ఎత్తాను. బల్బు వెలగలేదు. కరెంటు రాలేదు. లోపల మిషను కూస్తోంది. ఎవరో "త్వరగా, త్వరగా! పెదాలు నల్లబడుతున్నాయి!" అన్నారు. దొడ్లోకి పరిగెత్తాను, కిరసనాయిలు పోశాను, తొందరలో సగం నేలపాలైంది. పెట్రోలు మర తిప్పాను, తాడు లాగాను, మళ్ళీ లాగాను. అంటుకుంది. పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పెట్టాను. కూత ఆగింది. "బుస్సు" మంది. గదిలో బల్బు వెలిగింది.

అప్పుడే ఎదురింట్లోంచి పిన్నిగారి కోడలు కేక పెట్టింది. "కరెంటొచ్చిందండోయ్!"

అందరం వసారాలోకి వచ్చి చూశాం. నిజమే, వాళ్ళ వసారా బల్బు వెలుగుతోంది. ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది. పక్కింట్లోనూ అంతే. తొమ్మిది నోళ్ళు ఒక్కసారి "స్తోత్రం!" అన్నాయి. ఒకావిడ అక్కడే నిలబడి పాట ఎత్తుకున్నారు. అందరం అందుకున్నాం. నేనూ పాడాను, ఏడుస్తూ పాడాను. అడిగిన గడియలోనే ఇచ్చాడు కదా అని నా ఒళ్ళంతా పులకరించింది.

ఒక చరణం పూర్తయ్యేంత సేపు పాడాం.

కరెంటు వచ్చాక జనరేటరు నడుస్తూ ఉంటే కాలిపోతుందన్న మాట అప్పుడు గుర్తుకొచ్చింది. దాన్ని కాపాడుకుందామనే దొడ్డివైపు కదిలాను. అరటి తోట అవతలి నుంచి మా వారి గొంతు వినపడింది. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "ఆపు! ఆపవే! మిషను ఆపు!"

ఆపాను. ప్లగ్గు పీకాను. వసారా గోడకేసి చూస్తే మెయిను ఎత్తి ఉంది.

ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది. కరెంటు రాలేదు. మా గోడలోంచి, మా తీగలోంచి వీధిలోకి వెళ్ళినది మా జనరేటరు. పిన్నిగారింట్లో ఎర్రగా వెలిగినది అదే. స్తంభం మీద మనిషి ఉన్నాడు.

ఆయన తీగ ముడి వేస్తుండగా కరెంటు కుడి అరచెయ్యి పట్టేసిందట. ఎంతసేపో ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత విదిలించేసి చేలో బురదలో పడేసింది. ఆ బురదే ఆయన ప్రాణం కాపాడిందన్నారు. నేను వెళ్ళి చూడలేకపోయాను. మంచం మీద వేసుకుని నలుగురు మోసుకెళుతున్న చప్పుడు మాత్రం విన్నాను. ఆ సమయంలో అత్తయ్యగారు మంచం మీద నీళ్ళలోంచి తీసిన చేపలా ఉన్నారు.

మెయిను దించాను. దించానో లేదో అని మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను. బావి దగ్గరకి వెళ్ళి ఆ రెండు తలల వైరు పట్టుకుని నిలబడ్డాను. పెట్టలేకపోయాను. లోపల మిషను కూస్తోంది. పెడితే ఇంకెవరు పడతారో, పెట్టకపోతే ఈవిడ ఏమవుతారో. ప్రార్థన చేద్దామనుకున్నాను. అప్పుడే కదా చేశాను. మళ్ళీ ఏమని అడగను?

పిన్నిగారు నా చేతిలోంచి ఆ వైరు లాగి అవతల పారేశారు. "ఆ జనరేటరుకి ఏ బొక్కా లేదా? మిషను ప్లగ్గు సూటిగా అందులో పెట్టకూడదూ?"

ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. కానీ మిషను వైరు బారెడే. అందుకని మిషనునే తీసుకెళ్ళాం. అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తి, ఇద్దరు మిషను దొర్లించుకుంటూ, దొడ్లో కొబ్బరిచెట్ల మధ్యకి చేర్చాం. మిషను ప్లగ్గు నేరుగా జనరేటరులో పెట్టి తాడు లాగాను. ఆవిడ వైపు పొగ రాకుండా ఆడవాళ్ళు రెండు చాపలు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. మిగిలినవాళ్ళు విసనకర్రలతో విసిరారు. చేతులు నొప్పెడితే మారారు. ఉపవాసం ఉన్నవాళ్ళు, మంచినీళ్ళు కూడా తాగలేదు. ఒకావిడ ఇల్లిల్లూ తిరిగి సీసాల్లో కిరసనాయిలు పట్టుకొచ్చారు. సాయంత్రం దాకా అలా నడిపాం. అత్తయ్యగారికి ఏం జరిగిందో తెలియదు. కొంచెం తెరిపిన పడ్డాక చుట్టూ చూసి, "దొడ్లో బాగుందమ్మాయ్. గాలొస్తోంది," అన్నారు. ఆ మాటకి నేను ముఖం తిప్పుకున్నాను.

దీపాల వేళకి మా వదినగారు కాకినాడ నుంచి ఒక పాల వ్యానులో రెండు సిలిండర్లు వేయించుకుని, సగం దూరం నడిచి వచ్చారు. మా కరెంటు ఇంకో ఊరి లైన్‌మేన్‌ వచ్చి మర్నాడు ఇచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత మా వారితో కలిసి అమలాపురం ఆసుపత్రికి వెళ్ళాను. దారి పొడవునా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను. ఆయన మంచం దగ్గరికి వెళ్ళేసరికి ఒక్కటీ మిగల్లేదు. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. నేను ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని, "నేనేనండి. మెయిను ఎత్తినది నేను. దించటం మర్చిపోయాను," అన్నాను.

"తెలుసండి," అన్నారాయన. "పట్టుకున్నప్పుడే తెలిసిపోయింది. వీధి కరెంటు దెబ్బ వేరే ఉంటదండి, ఎన్ని తిన్లేదు." నవ్వబోయారు. "మీరు ఏడవకండి అమ్మగారూ. తీగలన్నీ కలిపి గొలుసు వేసి, దాని కొస నేలలో దిగ్గొడితే ఎటునుంచి కరెంటొచ్చినా భూమిలోకి పోద్ది, అప్పుడెక్కాలండి. ఆ గొలుసు సైకిలుకే వేలాడతా ఉంది. అది బిగించాలంటే పావుగంట. మెయిను దించే ఉందని చూసేను కదా, పెద్దావిడకి ఆ పావుగంట కలిసొద్దని ఎక్కేసేను."

ఆయన మంచం కాళ్ళ దగ్గర కూర్చున్న భార్య నా వంక చూడలేదు. చూడకపోవటమే నాకు మేలు చేసింది.

మా వారు అన్నారు, "ఇప్పుడే ఆఫీసుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసిస్తానండి."

ఆయన పక్క మీది నుంచి లేవబోయారు. "వద్దండి మాస్టారూ! తడి స్తంభం మీంచి కాలు జారిందని రాయించేసేను. మీరెళ్ళి జనరేటరని చెప్పేరనుకోండి, ముందు మీ ఇంటి లైను కోసేత్తారు. కేసు, విచారణ, ఎన్నాళ్ళు పడుద్దో. అందాకా పెద్దావిడ దేనితో పీలుత్తుందండీ? నోరెత్తకండి. నా మీద ఒట్టు."

మేము నోరెత్తలేదు. ఇది రాయటానికి నాకు చాలా సిగ్గుగా ఉంది. ఆవిడ ఊపిరి కోసమని ఊరుకున్నాం. ఆ ఊపిరి పద్నాలుగు నెలలు సాగింది. ఆ పద్నాలుగు నెలల్లో ప్రతి పొద్దున్న నేను అత్తయ్యగారికి తల దువ్వాను, గంజి తాగించాను, కథలు విన్నాను. ఆవిడ కూతురి కూతురి పెళ్ళి చూశారు. వీటన్నిటికీ నేను దేవునికి కృతజ్ఞురాలిని. కానీ స్తోత్రం అనబోయిన ప్రతిసారీ ముందు ఆ కుడి చెయ్యి కళ్ళ ముందుకొచ్చేది. నాలుగు వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉండిపోయాయి. మళ్ళీ స్తంభం ఎక్కే పని లేకుండా ఆయన్ని సబ్‌స్టేషనులో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిన కాగితంలో "స్వంత అజాగ్రత్త వలన" అని ఉందట. ఆ మాట అక్కడ అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన్ని చూపించి, జాగ్రత్తగా ఎక్కకపోతే ఏమవుతుందో చూడండని చెబుతారట.

మధ్యలో ఒకసారి ఆయనే మా ఇంటికి వచ్చారు. మైకుల ఆయన రాజమండ్రి నుంచి తెచ్చిన పెద్ద మీటని దగ్గర నిలబడి బిగించారు, అంటే ఎడం చేత్తో చూపిస్తూ మైకుల ఆయన చేత బిగింపించారు. పైకి ఎత్తితే వీధి కరెంటు, కిందికి దించితే జనరేటరు, రెండూ కలిసే వీలు లేదు. బిగించాక నన్ను పిలిచి పదిసార్లు తిప్పించారు. నేను ఆ రెండు తలల వైరు పొయ్యిలో వేయబోతే, "రాగి అండీ, దండగ," అని రెండు ప్లగ్గులూ కోసి పారేసి వైరు చుట్ట చుట్టి పక్కన పెట్టారు. కాఫీ ఇస్తే గ్లాసు ఎడం చేత్తో అందుకున్నారు. అత్తయ్యగారు ఆయన్ని చూసి, "నువ్వేనా బాబూ తుఫానులో స్తంభం మీంచి జారిపడ్డది? అంత తొందర ఏమొచ్చిందయ్యా నీకు?" అని మందలించారు.

"ఆయ్, తొందరపడ్డానండి మామ్మగారూ," అన్నారాయన.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

అత్తయ్యగారు పోయిన తర్వాత నెల తిరిగి జ్ఞాపకార్థ ప్రార్థన కాగానే మా వారు కరెంటు ఆఫీసుకి వెళ్ళి, జరిగినదంతా స్వదస్తూరితో రాసి ఇచ్చారు. ఫైలు ఎప్పుడో మూసేశామన్నారు. మనిషి స్వయంగా ఒప్పుకుని సంతకం పెట్టినదాన్ని మీరు కాదంటే ఎలాగని అడిగారు. ఇంకో రెండుసార్లు తిరిగారు. చివరికి లైన్‌మేన్‌ గారే ఇంటికొచ్చి, "వదిలేద్దురూ మాస్టారూ, నాకంటే మీరే అలిసిపోతున్నారు," అని ఆపించారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది తప్ప నాకు వేరే ఆఫీసు లేదు. ఆయన పేరు రాయవద్దన్నారు, రాయటం లేదు. చదివిన మీరు ప్రార్థన చేసేవారైతే ఆయన్ని మీ ప్రార్థనలో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. అలవాటు లేనివారైతే ఊరికే తలుచుకోండి. కాలు జారి పడిన మనిషిగా మాత్రం తలుచుకోకండి. ఆయన కాలు జారలేదు.